తిరిగి నడిపించు విద్య



పక్షవాతము వచ్చి ప్రాణము దక్కినవాడు ఇల్లు చేరి కదలక మంచము పట్టెనేని కండలు క్షీణించును, కీళ్లు బిగియును. సకాలమున క్రమముగా చేయించు వ్యాయామముచే పెక్కుమంది తిరిగి నడువగలరు. ఆ విద్యయే ఫిజియోథెరపీ.

మర్దనమునకు పట్టమెందుకని కొందరందురు. చచ్చుబడిన చేతిని తెలియక లాగినచో భుజకీలు జారవచ్చును. అందుకే శరీర నిర్మాణము, నాడుల పని, కీళ్ల కదలిక ఇందు నేర్పుదురు.

ఇంటర్మీడియెట్టులో జీవ, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు చేరవచ్చును. ఆసుపత్రి శిక్షణతో కలిపి ఇది ఇంచుమించు 5 ఏండ్ల చదువు. మన రైలుమార్గమునగల వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ఈ పట్టమిచ్చుచున్నది. 2021 నాటి కేంద్ర చట్టము ఈ వృత్తిని గుర్తించినది.

ఒక్క బిడ్డ ఈ విద్య నేర్చి తిరిగి వచ్చినను, మంచము పట్టిన పలువురు వాకిటికి నడిచి రాగలరు. అట్టి బిడ్డను చదివింపుడని మేము కోరుచున్నాము.