తరుగుతున్న వై క్రోమోజోము – తరగని వంశము

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను మలేషియాలో పుట్టిన మూడవ తరము వాడిని. మా తాతగారు విశాఖపట్నం వైపు నుండి ఓడలో వచ్చి పెరాక్ రాష్ట్రంలో ఒక కొబ్బరి తోటలో కూలిపని చేశారు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకొన్నది పగటి బడిలో కాదు. తోటలోని రామమందిరం అరుగు మీద, సాయంకాలపు బడిలో, పెట్రోమాక్స్ దీపం వెలుగులో నేర్చుకొన్నాను. తరువాత ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెప్పాను గాని, చెప్పినది మలాయి భాషలోను, ఇంగ్లీషులోను. సైన్సును తెలుగులో చెప్పబూనడం నాకు ఇదే మొదటిసారి. నా భాషలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. విషయంలో తప్పు రాకుండా మాత్రం చూసుకొన్నాను.

ఈ విషయమే ఎందుకు తీసుకొన్నానో ముందు మనవి చేస్తాను. కొద్ది నెలల క్రితం ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్ను అడిగాడు: "మాస్టారూ, మగవాళ్ళలో ఉండే వై క్రోమోజోము అరిగిపోతున్నదట గదా, కొన్నాళ్ళకు మగజాతే ఉండదట గదా, నిజమేనా?" నేను జవాబు చెప్పేలోగా పక్కనున్న ఆయన, "మాస్టారికేం భయమండీ! ముగ్గురూ ఆడపిల్లలే. ఆయన వంశం ముందే ఆగిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ రెండు మాటలకూ నేను ఈ సభలో జవాబు చెప్పదలచుకొన్నాను.

మన శరీరంలోని ప్రతి కణంలోను సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. అవి 23 జతలు. ప్రతి జతలోను ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఇరవైరెండు జతలు ఆడవారిలోను, మగవారిలోను ఒకే తీరుగా ఉంటాయి. ఇరవైమూడవ జతలోనే తేడా. ఆడవారిలో రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారిలో ఒక ఎక్స్, ఒక వై. తల్లి దగ్గర వై లేదు కనుక ఆమె ఏ బిడ్డకైనా ఎక్స్ మాత్రమే ఇవ్వగలదు. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు. ఏది ఇవ్వాలో తండ్రి చేతిలోనూ లేదు. అది బొమ్మా బొరుసూ వంటిది.

ఈ సంగతిని 1905లో కనిపెట్టినవారిలో ఒకరు నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా వనిత. ఆమె కూడా మొదట బడిపంతులమ్మే. చాలాకాలం పిల్లలకు పాఠాలు చెప్పి, ముప్పై అయిదేళ్ళు దాటాక విశ్వవిద్యాలయంలో చేరి చదువుకొన్నది. పిండిలో పెరిగే ఒక జాతి పురుగులను సూక్ష్మదర్శినిలో పరీక్షించింది. ఆడపురుగు కణాలలో 20 పెద్ద క్రోమోజోములు, మగపురుగు కణాలలో 19 పెద్దవి, ఒకటి చిన్నది ఉన్నట్లు చూసింది. ఆ చిన్నదే మగతనాన్ని నిర్ణయిస్తున్నదని గ్రహించింది. అదే సమయంలో ఎడ్మండ్ విల్సన్ అనే శాస్త్రవేత్త కూడా వేరుగా పనిచేసి ఇదే నిర్ణయానికి దగ్గరగా వచ్చాడు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుండి వచ్చినదేనని లోకానికి తెలిసి నూట ఇరవై ఏళ్ళు దాటింది. మన ఇళ్ళలోకి ఆ వార్త ఇంకా పూర్తిగా రాలేదు.

ఇక ఆ చిన్న క్రోమోజోము కథ. సుమారు పదహారు, పదిహేడు కోట్ల సంవత్సరాల క్రితం ఎక్స్, వై రెండూ సమానమైన జోడీ. వాటిలో ఒకదాని మీద మగబిడ్డను తయారుచేసే మీట వంటి జన్యువు ఏర్పడింది. ఆ జన్యువును 1990లో లండన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. దాని పేరు ఎస్.ఆర్.వై. ఆ మీట ఏర్పడిన తరువాత ఎక్స్, వై తమలో తాము భాగాలు మార్చుకోవడం క్రమంగా మానివేశాయి. ఇప్పుడు కొనలలో మాత్రమే కొద్దిగా కలుస్తాయి.

మార్చుకోకపోతే ఏమవుతుంది? పిల్లలకు తెలిసేటట్లు చెపుతాను. ఒక పాఠానికి మీ దగ్గర రెండు నోటు పుస్తకాలు ఉన్నాయనుకోండి. ఒకదానిలో పేజీ చిరిగితే రెండవదానిని చూసి రాసుకోవచ్చు. ఆడవారిలో ఎక్స్ కు ఎక్స్ తోడు ఉన్నది కనుక అలా సరిదిద్దుకొంటుంది. వై ఒంటరిది. దానిలో చిరిగిన పేజీ చిరిగినట్లే తరువాతి తరానికి పోతుంది. ఈ విధంగా వై తన జన్యువులను చాలావరకు పోగొట్టుకొన్నది. నేడు ఎక్స్ మీద ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. వైని మొదటినుండి చివరి అక్షరం దాకా చదవగలిగినది 2023లోనే. దానిలో 6 కోట్ల 24 లక్షల అక్షరాలు, ప్రొటీన్లకు సంబంధించిన 106 జన్యువులు ఉన్నాయని తేలింది. ఆ నూట ఆరులోనూ చాలా భాగం కొన్ని జన్యువులకు నకళ్ళు.

దీనిని చూసి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జెన్నిఫర్ గ్రేవ్స్ 2002లో ఒక లెక్క వేశారు. పోయిన జన్యువులను గడచిన కాలంతో భాగిస్తే, మిగిలినవి కూడా సుమారు ఒక కోటి సంవత్సరాలలో పోవచ్చునన్నారు. మరుసటి సంవత్సరం ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బ్రయన్ సైక్స్ ఒక పుస్తకంలో, లక్షా పాతికవేల సంవత్సరాలలోనే పురుషుల సంతాన శక్తి దాదాపు అంతరించవచ్చునని రాశారు. మన మిత్రుని చెవిన పడినది ఈ మాటలే.

అయితే ఎప్పుడూ ఒకే వేగంతో తరుగుతుందనడం సరియేనా? తోటలలో పెరిగినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అడవి నరికిన కొండవాలు మీద మొదటి వానలకు మట్టి బహు వేగంగా కొట్టుకొని పోతుంది. రాయి బయటపడ్డాక ఆ వేగం ఉండదు. వై సంగతి కూడా అటువంటిదేనని అమెరికాలో డేవిడ్ పేజ్ గారి బృందం వాదించింది. వారు 2012లో మనిషి వైని రీసస్ కోతి వైతో పోల్చి చూశారు. మన పూర్వులు, ఆ కోతి పూర్వులు విడిపోయి సుమారు రెండున్నర కోట్ల సంవత్సరాలయింది. అంత కాలంలో మనిషి వై పోగొట్టుకొన్న పూర్వకాలపు జన్యువు ఒక్కటే! మిగిలినవాటిలో కొన్ని శరీరమంతటా ఇతర జన్యువుల పనిని నడిపించేవి. అవి పోతే బిడ్డే నిలవదు కనుక ప్రకృతి వాటిని కాపాడుతూ వస్తున్నది.

వై తనను తాను సరిదిద్దుకొనే ఉపాయం కూడా ఒకటి ఉన్నదని 2003లో తెలిసింది. తెనాలి రామకృష్ణునికి వచ్చిన బిరుదు మీకందరికీ తెలుసు. వికటకవి. ఎటునుండి చదివినా వికటకవే. వైలో అటువంటి పెద్ద పెద్ద భాగాలు ఎనిమిది ఉన్నాయి. ఒక సగానికి ఎదురుగా మరొక సగం, నూటికి 99.9 కంటే ఎక్కువ పాళ్ళు సరిపోతూ ఉంటుంది. ఒక సగంలో తప్పు పడితే రెండవ సగాన్ని చూసి దిద్దుకొనే వీలున్నది. రెండవ నోటు పుస్తకం లేనివాడు అదే పుస్తకంలో పాఠాన్ని రెండుసార్లు రాసుకొన్నట్లు.

ఈ వాదం ఇంకా ముగియలేదు. వై ఎప్పటికీ పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకవేళ పోయిందే అనుకొందాం. అప్పుడు మగవారు ఉండరా? దీనికి జవాబు జపాను దేశపు ఎలుకలు చెప్పాయి. అమామి ఓషిమా, టోకునోషిమా అనే దీవులలో ముళ్ళ ఎలుకలు ఉన్నాయి. వాటిలో వై క్రోమోజోమే లేదు. ఎస్.ఆర్.వై. జన్యువూ లేదు. అయినా మగ ఎలుకలు పుడుతూనే ఉన్నాయి! హొక్కైడో విశ్వవిద్యాలయం వారు 2022లో దాని రహస్యాన్ని బయటపెట్టారు. వేరొక క్రోమోజోము మీద సాక్స్-9 అనే జన్యువుకు సమీపంలో సుమారు 17,000 అక్షరాల భాగం మగ ఎలుకలలో రెండుసార్లు ఉన్నది. పాత మీట చేసే పనిని అది చేస్తున్నట్లు కనిపిస్తున్నది. అనగా పాత ఉద్యోగి పోయినా, ఆ ఉద్యోగం పోలేదు.

మా వయసు మగవారికి ఒక చిన్న మాట. వయసు మళ్ళిన కొద్దీ కొందరిలో రక్తకణాలు కొన్ని వైని పోగొట్టుకొంటాయి. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా పురుషులను పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అయిదుగురిలో ఒకరికి ఈ మార్పు ఉన్నది. 70 ఏళ్ళవారిలో నూటికి నలభైకి పైగా ఉన్నది. పొగత్రాగేవారిలో ఇది మరింత ఎక్కువ. ఇది పిల్లలకు సంక్రమించేది కాదు గాని, గుండెజబ్బు వంటివాటితో దీనికి సంబంధం కనబడుతున్నది. కనుక వై గురించి బెంగపడే సోదరులు ముందు సిగరెట్టు మానివేయాలని నా మనవి.

ఇక రెండవ మాటకు వస్తాను, "వంశం ఆగిపోయింది" అన్న మాటకు.

మన పద్ధతిలో ఇంటిపేరు కూడా వై వంటిదే. తండ్రి నుండి కొడుకుకు పోతుంది. ఈ దేశపు కాగితాలలో నా పేరు, తరువాత ఏ/ఎల్, తరువాత మా నాన్నగారి పేరు. ఏ/ఎల్ అంటే అనాక్ లెలాకి, అనగా కుమారుడు. అక్కడ ఇంటిపేరుకు చోటు లేదు. అయినా పెళ్ళి సంబంధం వస్తే మనవారు మొట్టమొదట అడిగేది "మీ ఇంటిపేరేమిటి?" అనే. కాగితంలో లేని ఆ పేరును నాకు నేర్పినది మా తాతగారు కాదు. ఆయన నా చిన్నతనంలోనే పోయారు. నేర్పినది మా నాయనమ్మ. ఆమె పుట్టింటి పేరు వేరు. మా ఇంటిపేరును మూడవ తరానికి మోసుకొచ్చినది వై లేని మనిషి.

నాకు కలిగినది ముగ్గురు కుమార్తెలు. మూడవ అమ్మాయి పుట్టిన రోజు ఆసుపత్రి గదిలో మా అమ్మ నా భార్యతో, "మా ఇంటి దీపం ఆర్పేశావు" అన్నది. ఆ ఉదయమే నేను అయిదవ ఫారం పిల్లలకు నల్లబల్ల మీద ఎక్స్, వై గీసి, బిడ్డ ఆడో మగో అయ్యేది తండ్రి వలననే అని పాఠం చెప్పి వచ్చాను. ముప్పైయెనిమిది మంది పిల్లలకు చెప్పగలిగిన మాటను మా అమ్మకు ఒక్కర్తికి చెప్పలేకపోయాను. నేలచూపులు చూస్తూ నిలుచున్నాను. నా భార్య బిడ్డను దగ్గరకు తీసుకొని గోడవైపు తిరిగి పడుకొన్నది. ఆ తరువాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. నా 46 క్రోమోజోములలో ప్రతి కుమార్తెకూ 23 ఇచ్చాను. కొడుకు పుట్టినా ఇరవైమూడుకు మించి ఇవ్వగలిగేవాడిని కాదు. పైగా ఎక్స్ మీద జన్యువులు ఎక్కువ, వై మీద తక్కువ. కనుక తండ్రి దగ్గర నుండి కొడుకు కంటే కూతురే నాలుగు జన్యువులు ఎక్కువ పట్టుకొనిపోతుంది!

ఇంకొక సంగతి ఉన్నది. నాలో ఉన్న ఒకే ఒక ఎక్స్ నాకు ఎక్కడినుండి వచ్చింది? మా అమ్మ దగ్గర నుండి. ఆమె రెండు ఎక్స్‌లు కలిసి ఏర్పడిన ఎక్స్ అది. దానిని నేను, కొనలలో కొద్దిభాగం తప్ప, ఉన్నదున్నట్లుగా నా ముగ్గురు కూతుళ్ళకూ ఇచ్చాను. నాకు కొడుకు పుట్టి ఉంటే వాడికి నా వై పోయేది. మా అమ్మ ఎక్స్ పోయేది కాదు. అనగా నాయనమ్మ ఎక్స్ కొడుకు కూతుళ్ళకే వస్తుంది, కొడుకు కొడుకుకు రాదు. ఏ మనుమరాలిని చూసి మా అమ్మ దీపం ఆరిపోయిందన్నదో, ఆ పిల్ల దగ్గరే ఆమె ఎక్స్ భద్రంగా ఉన్నది. ఈ మాట మా అమ్మకు చెప్పలేదు. ఆమె గతించి పదకొండేళ్ళయింది.

నా వై క్రోమోజోము నాతో ఆగిపోతుంది. అది నిజం. కోటి సంవత్సరాలు ఆగనక్కరలేదు. దానికి నాకు విచారం లేదు.

మా ఇంటావిడ ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చున్నది. నేను ఏమి మాట్లాడబోతున్నానో ఆమెకు ముందుగా చెప్పలేదు. ఆనాడు ఆసుపత్రి గదిలో చెప్పవలసిన మాటను ముప్పై ఏళ్ళు ఆలస్యంగా, మీ అందరి ఎదుట చెపుతున్నాను. తప్పు నీది కాదు. అసలు అందులో తప్పే లేదు. తప్పు ఉంటే, తెలిసి ఊరుకొన్న నాది.

ఇక్కడ ఉన్న యువకులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా అటువంటి మాట అన్ననాడు నాలాగా నేలచూపులు చూడకండి. పెద్దవారిని నొప్పించకుండానే, అప్పటికప్పుడు, తెలుగులోనే చెప్పండి. ఎలా చెప్పాలో తెలియకపోతే సాయంకాలపు బడికి రండి. నేను నల్లబల్ల మీద గీసి చూపిస్తాను.