జీతం లెక్క పల్లె ముందు పెడుతున్నా

(అంబేద్కర్ జయంతి నాడు పల్నాడులోని ఒక పల్లెలో జరిగిన సభలో, ఆ పల్లెలోనే పుట్టి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు సభ పెద్దలు ఒక మాటన్నారు. "నువ్వు పైకొచ్చినోడివి, ఎట్టా పైకొచ్చావో పిల్లలకు చెప్పు" అని. నేను ఆ కథ చెప్పడానికి రాలేదు. అది ఒక్కడి కథలాగా చెబితే అబద్ధమవుతుంది. నేను ఇవాళ లెక్క చెప్పడానికి వచ్చాను. నా జీతమెంత, అది ఎటు పోతోంది, అందులో ఈ పల్లెకు రావలసిందెంత అనే లెక్క. నా జీతం గురించి పల్లెలో రకరకాలుగా అనుకుంటున్నారు. కొందరు రెండు లక్షలంటారు, కొందరు మూడంటారు. దాచేదేం లేదు. కోతలన్నీ పోను నా చేతికొచ్చేది నెలకు 90 వేలు.

మన ఇళ్ళల్లో అది పెద్ద డబ్బే. మా అమ్మ మిరపకోతలకు, కలుపులకు ఏడాదంతా పోయినా చేతికి రాని డబ్బు నాకు ఒక నెలలో వస్తోంది. ఇది నా తెలివికి కట్టిన ధర, అమ్మ కూలి ఆమె తెలివితక్కువకు కట్టిన ధర అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు బడి లేకుండా చేసిందెవరు? భూమి లేకుండా చేసిందెవరు? ఆ సంగతి అడగకుండా తెలివి గురించి మాట్లాడేవాడికి మన సభలో చోటు లేదు.

ఈ 90 వేలు ఎక్కడినుంచి వచ్చాయో ముందు చూద్దాం. ఆరో తరగతిలో ఒక ట్రంకుపెట్టె, ఒక దుప్పటి ఇచ్చి నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేర్చారు. అక్కడ నీళ్ళ సాంబారు తాగినా పుస్తకం దొరికింది. తర్వాత చదువుకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఇంజనీరింగు సీటు రిజర్వేషన్ వల్ల వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల నిలబడింది. ఇవి ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. కొట్లాడి తెచ్చుకున్నవి.

ఇంకొకటి ఉంది. ఇది ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు. మా అక్క పదో తరగతిలో నాకంటే మంచి మార్కులతో పాసైంది. ఇద్దర్నీ చదివించలేమని ఆమెను ఆపి నన్ను పంపారు. ఆమె మూడేళ్ళు కూలికి పోయి, ఆ తర్వాత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. నా బస్సు ఛార్జీలు, నా పరీక్ష ఫీజులు, నా చొక్కాలు అక్క కూలి డబ్బులే. ఇవాళ అక్క ఈ సభలో కూర్చోనుంది. నా జీతం చీటీ మీద నా ఒక్కడి పేరే ఉంటుంది. అక్కడే మోసం ఉంది.

ఇక పట్నం సంగతి. ఉద్యోగం వచ్చినాక ఇల్లు వెతికాను. ఒకాయన ఇల్లు చూపించాడు, అడ్వాన్సు మాట్లాడుకున్నాం. ఏ కంపెనీ, ఎంత జీతం అన్నీ అడిగి సంతోషించాడు. ఆఖర్న "మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాను. "మా అబ్బాయి వచ్చేట్టున్నాడు, రెండ్రోజుల్లో చెబుతా" అన్నాడు. ఆ రెండ్రోజులు ఇప్పటికీ కాలేదు. ఇంకో ఇంట్లో "మీ సొంతూరేది, ఊళ్ళో మీ ఇల్లెక్కడ?" అని అడిగారు. మన దేశంలో ఇల్లెక్కడ అంటే కులమేమిటనే. మన ఇల్లు ఊళ్ళో లేదు కదా, ఊరవతల ఉంది.

అప్పుడు నేనొక పని చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నా. మూడో ఇంట్లో అబద్ధం చెప్పాను. వేరే కులం పేరు చెప్పి ఇల్లు తీసుకున్నాను. నా పెట్టెలో ఉన్న బాబాసాహెబ్ ఫోటో రెండేళ్ళు పెట్టెలోనే ఉంది. జీతం పెరిగింది, ఏసీ పెట్టించాను, పెద్ద టీవీ కొన్నాను. ఫోటో మాత్రం గోడ మీదికి రాలేదు.

ఒకసారి అమ్మ కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. బస్టాండులో దింపుకుని ఆటో ఎక్కాం. ఇల్లు దగ్గరికొచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "ఒరే నాయనా, ఎవరన్నా అడిగితే మనం ఎవరమని చెప్పమంటావురా?" అంది. నేనేమీ చెప్పకుండానే ఆమెకు అర్థమైపోయింది. జీవితమంతా ఆసాముల ముందు "మాదీ పల్లె" అని తలెత్తి చెప్పిన మనిషి, కొడుకు ఇంటి ముందు ఏం చెప్పాలో కొడుకుని అడిగింది. ఆ రోజు నాకు 90 వేల విలువ తెలిసింది. ఆ డబ్బు నాకు ఇల్లు ఇప్పించిందిగానీ, ఆ ఇంట్లో మా అమ్మకు ఆమె పేరుతో కూర్చునే చోటు ఇప్పించలేదు.

ఇది నాతో మొదలైంది కాదు. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. పెద్ద చదువు, పెద్ద కొలువు. కానీ ఆ పట్నంలో ఉండటానికి గది దొరకలేదు. పార్శీవాళ్ళ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని ఉండాల్సివచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని మనుషులొచ్చి ఖాళీ చేయమన్నారు. ఆయన బరోడా వదిలేశారు. ఆ తర్వాత ఏం చేశారో మన ఉద్యోగస్తులు గుర్తుపెట్టుకోవాలి. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ఆ జీతంలో మిగిల్చి 1920లో ఆగిపోయిన చదువు కోసం మళ్ళీ లండన్ వెళ్ళారు. అదే ఏడాది 'మూక్‌నాయక్' పత్రిక పెట్టారు. జీతాన్ని దాక్కునే గోడగా కట్టుకోలేదు, నిలబడే మెట్టుగా చేసుకున్నారు. నేను చేసింది మొదటిది. అందుకే ఈ లెక్క.

అమ్మ ఊరెళ్ళిన వారానికి ఫోటో తీసి గోడకు పెట్టాను. ఇంటాయన చూశాడు. మూడు నెలల్లో ఖాళీ చేయమన్నాడు, చేశాను. ఇప్పుడున్న ఇంటి అద్దె రెండువేలు ఎక్కువ. ఆ రెండువేలు నా కులానికి నేను కడుతున్న పన్ను. కానీ అమ్మ వస్తే ఏం చెప్పాలో అడగదు.

ఇక ఖర్చు వినండి. అద్దె, కరెంటు, నీళ్ళకు 22 వేలు. తిండికి, ఛార్జీలకు, ఫోనుకు 15 వేలు. ఇంటికి పంపేది 15 వేలు. తమ్ముడి పాలిటెక్నిక్‌కు 8 వేలు. మొత్తం 60 వేలు. మిగిలిన 30 వేలల్లో 20 వేలు ఫ్లాటు కోసమని దాస్తున్నా. ఇంకో 10 వేలు ఎటు పోతుందో నిజంగా నాకే తెలియదు. బిర్యానీలకు, బట్టలకు, నలుగురితో సమానంగా కనబడాలనే తాపత్రయానికి పోతుంది. పక్క కుర్చీలో కూర్చునేవాడికి తాత భూమి ఉంది, తండ్రి ఇల్లుంది. వాడి జీతం వాడి జేబులోది. నా జీతం కోసం పదిమంది ఎదురుచూస్తుంటారు. ఇద్దరికీ 90 వేలే, కానీ ఇద్దరిదీ ఒకే 90 వేలు కాదు.

మీ అందరికీ పనికొచ్చే లెక్క ఇంకొకటి చెబుతా. అక్క పెళ్ళికి నాయన ఊళ్ళో ఆసామి దగ్గర రెండు లక్షలు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. మూడు రూపాయలంటే చిన్నమాటలాగా వినపడుతుంది. ఏడాదికి నూటికి 36. నెలకు ఆరువేలు, ఏడాదికి 72 వేలు. నాలుగేళ్ళు కట్టాం. 2 లక్షల 88 వేలు వడ్డీకే పోయింది, అసలు రెండు లక్షలు అట్టాగే ఉంది. నాకు ఉద్యోగం వచ్చినాక జీతం చీటీ చూపిస్తే బ్యాంకువాళ్ళు అదే రెండు లక్షలు నూటికి ఏడాదికి 12 వడ్డీకి ఇచ్చారు. నెలకు 9,415 చొప్పున రెండేళ్ళు కట్టాను. వడ్డీ మొత్తం 26 వేలు. అప్పు తీరిపోయింది. అవే రెండు లక్షలు. కూలోడికి 2 లక్షల 88 వేలు కట్టినా తీరలేదు, జీతగాడికి 26 వేలతో తీరింది. లేనోడి దగ్గరే ఎక్కువ గుంజుతారు. ఇదే ఊరి ధర్మం.

ఆ నాలుగేళ్ళల్లో ఆసామి మాకున్న అరెకరం అసైన్డ్ భూమి మీద కన్నేశాడు. 1977లో వచ్చిన చట్టం అసైన్డ్ భూములు చేతులు మారకూడదని అడ్డుకట్ట వేసింది. అయినా తాకట్ల పేరుతో, కౌళ్ళ పేరుతో ఎన్ని ఎకరాలు మన చేతుల్లోంచి పోయాయో మీకు తెలుసు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలు అమ్ముకునే దారి తెరిచారు. తర్వాత ఏ ప్రభుత్వం ఎంత ఆపినా, ఎంత వదిలినా, డబ్బున్నోడి కన్ను ఆ భూమి మీదే ఉంటుంది. మనోళ్ళు భూమి అమ్ముకునేది సరదాకు కాదు, మూడు రూపాయల వడ్డీ తట్టుకోలేక. కాబట్టి భూమి నిలబడాలంటే ముందు ఆ వడ్డీ పోవాలి.

అందుకే నేను అడిగేది చందాలు కాదు. పండక్కి వచ్చినప్పుడల్లా ఉద్యోగస్తుణ్ణి పట్టుకుని ఐదువేలు రాయించుకుంటారు, మైకుసెట్టుకు పోతుంది, తెల్లారితే ఏమీ మిగలదు. ఇచ్చినోడు దాతనని పొంగిపోతాడు, తీసుకున్నోడు చేయి చాపినట్టుంటుంది. మనలో దాతలెవరూ లేరు. బాకీ ఉన్నోళ్ళున్నారు.

మన పల్లెలో ఉద్యోగాలు చేసేవాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం. టీచర్లున్నారు, ఆర్టీసీ కండక్టరున్నాడు, నర్సున్నది, నాలాంటోళ్ళున్నారు. ఒక్కొక్కళ్ళం జీతంలో నూటికి ఐదు రూపాయలు ప్రతి నెలా పక్కన పెడదాం. నా వంతు 4,500. ఎటు పోతుందో తెలియని ఆ పదివేలల్లోంచి తీస్తా, నాకేం తక్కువ కాదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. పొదుపు సంఘాల్లో పుస్తకం రాసిన అక్కలు మనకున్నారు, లెక్క వాళ్ళ చేతిలోనే ఉండాలి. డబ్బు రెండు పనులకే వాడదాం. ఒకటి, స్కాలర్‌షిప్ ఆలస్యమైనప్పుడు కాలేజీవాళ్ళు పరీక్షకు అడ్డం పడకుండా ముందు కట్టడానికి. అందులో ఆడపిల్లలకు మొదటి వరస. మా అక్కకు జరిగింది ఇంకొక అక్కకు జరగకూడదు. రెండు, భూమి తాకట్టు పడేవాళ్ళకు నూటికి రూపాయి వడ్డీకి అప్పు. ఏటా ఏప్రిల్ 14న, డిసెంబరు 6న ఇదే అరుగు మీద లెక్క చదవాలి. ఎవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో పేరుపేరునా చదవాలి. నా పేరు కూడా.

ఇంత చెప్పి, జీతాలతో కులం పోతుందని నేననను. నా ఉద్యోగం ప్రైవేటు ఉద్యోగం. అక్కడ రిజర్వేషన్ లేదు. ఒక ఉత్తరంతో ఇంటికి పంపొచ్చు. పదకొండు మంది జీతాలతో ఒక పల్లె బతకదు. ప్రైవేటులో రిజర్వేషన్ కోసం, ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఉద్యోగాల కోసం, భూమి కోసం, కూలి రేటు కోసం పోరాటం చేయాల్సిందే. ఈ సంఘం ఆ పోరాటానికి బదులు కాదు. పోరాటంలో ఉన్నోడు వడ్డీకి తల వంచకుండా ఉండటానికి ఆసరా, అంతే. 1956 మార్చి 18న ఆగ్రా సభలో బాబాసాహెబ్ చదువుకున్నోళ్ళ గురించి ఎంత బాధపడ్డారో మీరు వినే ఉంటారు. చదువుకున్నోళ్ళు తమ పొట్ట చూసుకుని సమాజాన్ని వదిలేశారన్నారు. ఫోటో పెట్టెలో దాచిన నాలాంటోడి గురించే ఆ మాట.

అమ్మ మేడ కట్టమంటోంది. కడతాను, పట్నంలో ఫ్లాటు సంగతి తర్వాత. బాబాసాహెబ్ దాదర్‌లో రాజగృహ కట్టుకున్నది పుస్తకాల కోసం. నేను కట్టేది రెండు గదులే. ముందు గది సాయంత్రం పిల్లలు చదువుకోవడానికి. అక్క ఒప్పుకుంటే తాళంచెవి అక్క దగ్గరే ఉంటుంది. పదో తరగతి దగ్గర ఆగిన పుస్తకం ఆమె అక్కడే మళ్ళీ తెరవొచ్చు.

పుస్తకం, పెన్ను బల్ల మీద ఉన్నాయి. మొదటి నెల 4,500 నేను తెచ్చాను. ఉద్యోగస్తులు దిగిపోయే ముందు పేరు రాసి వెళ్ళండి.

జై భీమ్.