తిప్పకుండానే తిరిగే అరచేయి

కుడిచేతిని పక్కన వేలాడదీసి, అరచేయిని తొడవైపు ఉంచాలి. ఎక్కడా మెలితిప్పకుండా చేతిని ముందుకు భుజం ఎత్తుదాకా లేపి, అదే ఎత్తులో పక్కకు తెచ్చి, కిందికి దించాలి. ఇందాక తొడను చూసిన అరచేయి ఇప్పుడు ముందుకు చూస్తుంది! ఎవరూ తిప్పకపోయినా పావు చుట్టు తిరిగిపోయింది. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ భుజం మీద 1934లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి వింతనే చర్చించాడు.

కిటుకంతా వరసలో ఉంది. మూడు దిశల్లో తిరిగే వస్తువుకు ఏ మలుపు ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందుకే అంతర్జాతీయ బయోమెకానిక్స్ సంఘం 2005లో భుజం కదలికను ఈ వరసలో చెప్పాలని సూచించింది: చేయి ఏ తలంలో లేస్తోంది, ఎంత లేచింది, తన చుట్టూ తాను ఎంత తిరిగింది.

ఫిజియోథెరపిస్టు చేతిలోని గోనియోమీటర్ ఒక్కసారికి ఒక్క తలంలోని కోణాన్నే చెబుతుంది. రోజువారీ వైద్యానికి అది చాలు. పరిశోధకులకు చాలదు.

చేయెత్తితే కదిలేది భుజం కీలొక్కటే కాదు, వీపు మీది రెక్క ఎముకా జరుగుతుంది. 1944లో ఇన్‌మన్ అనే పరిశోధకుడి బృందం కీలుకూ రెక్క ఎముకకూ మధ్య ఈ వాటాను సుమారు రెండుకు ఒకటిగా లెక్కగట్టింది. మనిషిని బట్టి, ఎత్తును బట్టి అది మారుతుందని తర్వాత తేలింది. పైగా ఆ ఎముక చర్మం కింద జారిపోతుంది, కదలికను కొలవడానికి పైన అంటించిన మార్కరేమో చర్మంతోనే ఉండిపోతుంది. ఆ తేడా ఎంతో పట్టుకోవడానికి కొందరు వాలంటీర్లు తమ ఎముకల్లోకి నేరుగా సన్నటి పిన్నులు దింపించుకున్నారు, మత్తు సూది వేయించుకునే అనుకోండి.