నయం కాని జబ్బుకూ వైద్యం ఉంది
(షోలాపూర్ కార్మికుల సభలో కార్యదర్శి ప్రసంగం)



పగార్, బోనస్ మాటలు ప్రతి సభలో చెప్పుకుంటాం. ఇవాళ మంచాన పడిన మనిషి మాట చెప్పుకుందాం.

"డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు, ఇక చేసేదేం లేదు" అని మన బస్తీల్లో వింటుంటాం. ఆ తర్వాత కొందరు రోగిని నొప్పితో అట్లే వదిలేస్తారు. కొందరు వడ్డీకి తెచ్చి, పని చేయని ఇంజెక్షన్ల కోసం ఊరూరా తిరుగుతారు. ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది. దాని పేరు పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స.

నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, భయం తగ్గించడం దీని పని. ఇది క్యాన్సర్‌కు మాత్రమే కాదు. గుండె, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ, పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన మనవారికీ పనికొస్తుంది. అసలు చికిత్స ఆపనక్కరలేదు. పెద్ద జబ్బని తేలిన నాడే దీన్నీ అడగండి.

హాస్పిస్ అంటే నయమయ్యే ఆశ లేనప్పుడు ఆఖరి రోజుల్లో రోగిని చూసుకునే చోటు. ముంబై బాంద్రాలో 1986లో మొదలైన శాంతి అవేదన సదన్ మన దేశంలో మొదటిది. అక్కడ క్యాన్సర్ రోగుల దగ్గర డబ్బు తీసుకోరు.

మార్ఫిన్ అంటే మనవాళ్ళు జడుస్తారు, అలవాటవుతుందని, ప్రాణం తీస్తుందని. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన కొలతలో వాడితే ఆ భయం పెట్టుకోనక్కరలేదు. మలబద్ధకం వస్తుంది, దానికీ మందు రాయించుకోవాలి. మార్ఫిన్ మాత్ర ఖరీదు కాదు, దొరకడమే కష్టం. 1985 మత్తుమందుల చట్టానికి భయపడి చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడం మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. గుర్తింపు తీసుకున్న ఆసుపత్రి ఇప్పుడు ఉంచుకోవచ్చు. లేదంటే, గుర్తింపు ఎందుకు తీసుకోలేదని అడగాలి.

కేరళ ప్రభుత్వం 2008లోనే ఉపశమన చికిత్సకు ఒక విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీల తరఫున నర్సు రోగి ఇంటికే వస్తుంది. ఇరుగుపొరుగువారు వలంటీర్లుగా సాయపడతారు. అక్కడ అయిన పని మన దగ్గర ఎందుకు కాదు?

ఇక కూలి సంగతి. ఈఎస్‌ఐలో మామూలు జబ్బు భత్యం ఏడాదికి 91 రోజులే. క్యాన్సర్ వంటి దీర్ఘరోగాలకు, అర్హత ఉంటే, ఆ పైన రెండేళ్ళ వరకు కూలిలో 80 శాతం వస్తుంది. కార్డు ఇవ్వని కార్ఖానాల్లో సాంచెలు నడిపేవారికి ఇదీ లేదు. కార్డు కోసం మనం కొట్లాడేది ఇందుకే.

ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే దాచకండి, యూనియన్ ఆఫీసుకు రండి. కాగితాలు రాసిపెడతాం, ఆసుపత్రికి వెంట వస్తాం. పక్క సాంచె మీది మనిషికీ ఈ సంగతి చెప్పండి.