పానకాలస్వామి లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "నువ్వు ప్రతి ఫంక్షన్‌కీ మెడలో కెమెరా వేసుకుని తిరుగుతావు కదా, దాని గురించే ఒక పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. నేను ఫోటోగ్రాఫర్ని కాను, ఇంజనీర్ని. పదిహేనేళ్ళకు పైగా ఒక డీఎస్‌ఎల్‌ఆర్‌తో కుస్తీ పడుతున్నవాణ్ణి. నేను చేసిన తప్పులు చెబితే, మీలో కెమెరా ఉన్నవాళ్ళకు కొంత డబ్బు, కొంత బాధ మిగులుతాయని ఒప్పుకున్నాను.

ముందు ఒక చిన్న విశేషం. మన సంఘానికి యాభై ఏళ్ళు. డిజిటల్ కెమెరాకీ దాదాపు అంతే వయసు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. మూడున్నర కిలోలకు పైగా బరువు. ఒక్క నలుపు తెలుపు ఫోటో క్యాసెట్ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు మన పిల్లలు ఆ 23 సెకన్లలో పాతిక సెల్ఫీలు తీసి, ఇరవై నాలుగు తీసేస్తున్నారు.

నేను 2009లో నికాన్ డీ90 కొన్నాను. కొన్న కొత్తలో అందరిలాగే నాకూ ఫోటోల మీద కంటే సామాను మీద మోజు ఎక్కువ. జూమ్ లెన్సు, దాని మీదకు ఫిల్టరు, దానికో సంచీ, ఆ సంచీకో గొడుగు. మా ఆవిడ ఒకరోజు, "ఇన్ని కొన్నారు, మన ఇంట్లో గోడ మీద ఒక్క ఫోటో లేదేమండీ?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

మొదటి దెబ్బ మన కృష్ణా తీరపు గాలే కొట్టింది. వానాకాలం అంతా లెన్సుని తోలు కవర్లో పెట్టి బట్టల బీరువాలో దాచాను. దీపావళికి తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లటి పోగులు. అది బూజు. లెన్సు మీది సన్నటి పూతను అది తినేస్తుంది. శుభ్రం చేయించినా మచ్చ మిగిలింది. తేమ, చీకటి, కదలని గాలి, ఈ మూడూ కలిస్తే బూజు పడుతుంది. మన బీరువాల్లో మూడూ ఉంటాయి.

మందు చాలా చవక. గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ నీలం రంగుది గులాబీ రంగులోకి మారితే తేమ పీల్చేసిందని అర్థం. వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యంలో మాత్రం పెట్టకండి, ఆ దుమ్ము కెమెరాలోకి పోతుంది. అన్నిటికంటే మంచి మందు, వారానికి ఒకసారైనా కెమెరా బయటికి తీసి వాడటం. ఇంకో మాట. ఏసీ కారులోంచి దిగగానే మే నెల ఎండలో సంచీ తెరవకండి, చల్లటి అద్దం మీద ఆవిరి పడుతుంది. ఓ అరగంట సంచీ మూసే ఉంచండి. లెన్సు మీద దుమ్ము ఉంటే నోటితో ఊదకండి, రబ్బరు బ్లోయరు వాడండి. లోపలి అద్దం జోలికి అసలు వెళ్ళకండి.

ఇక మన గాలిగోపురం. మనలో కెమెరా కొన్న ప్రతివాడూ మొదట తీసేది దాన్నే. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం, 153 అడుగులు. దాని కాళ్ళ దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వీధిలో వీలైనంత వెనక్కి నడవండి, కెమెరా నిటారుగా పట్టుకోండి, కింద ఎక్కువగా వచ్చిన రోడ్డుని తరువాత కత్తిరించుకోవచ్చు. అది తూర్పు గోపురం కాబట్టి పొద్దున ఏడింటికే బొమ్మలన్నీ వెలుగుతాయి. మధ్యాహ్నం వెళితే నెత్తిమీద ఎండ, బొమ్మల కళ్ళ కింద నల్లటి నీడలు. తిరునాళ్ళ జనంలో రథం తీయాలంటే ముందు రోజే ఏ మేడ మీద నిలబడతారో చూసుకుని, ఆ ఇంటివాళ్ళను అడిగి పెట్టుకోండి.

అసలు కష్టమైన ఫోటో మగ్గాల షెడ్డులో ఉంటుంది. ఒక కిటికీ, ఒక ట్యూబులైటు, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఫ్లాష్ కొడితే జరీ అంచు తెల్లగా మండిపోతుంది, మనిషి మొహం సున్నం కొట్టినట్టు వస్తుంది. ఫ్లాష్ ఆపేసి ఐఎస్ఓ 1600కో 3200కో పెంచండి. కొంచెం ఇసుక రేణువుల్లా వచ్చినా ఫరవాలేదు, కదిలిపోయిన ఫోటో కంటే అది నయం. మన కరెంటు 50 హెర్ట్‌జ్. దానివల్ల మామూలు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు కానీ షట్టరు వేగం 250, 500 పెడితే ఒక ఫోటో పచ్చగా, ఒక ఫోటో చీకటిగా వస్తాయి. సెకనులో యాభయ్యో వంతు, లేదా వందో వంతు పెట్టండి. నేత నేసే చెయ్యి కాస్త చెదిరినట్టు వస్తుంది. రానివ్వండి, ఆ చెయ్యి పనిలో ఉంది మరి.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. అది చెప్పడానికే నిజానికి ఈ మైకు పట్టుకున్నాను.

మా నాన్న నేతపని చేసేవాడని ఇక్కడున్న చాలామందికి తెలుసు. ఆ అంచుల మీదే నా చదువు గడిచింది. కెమెరా కొన్నాక సెలవుకి వచ్చినప్పుడల్లా నాన్నని మగ్గం దగ్గర తీసేవాణ్ణి. "నా ఫోటో ఎందుకురా, వెళ్ళి ఆ గోపురం తియ్యి" అనేవాడు. అయినా నాలుగేళ్ళలో వందలు తీశాను. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టాను. ప్రింటు ఒక్కటీ వేయించలేదు. ఇంకా బాగా వచ్చినవి ఏరి, రంగులు సరిచేసి, ఒక మంచి ఆల్బమ్ చేయిద్దామని. 2013లో నాన్న పోయాడు. దినాలకు ఫోటోలు తీద్దామని లాప్‌టాప్ పెట్టి డిస్కు తగిలిస్తుంటే వైరు ఎవరి కాలికో తగిలింది. బల్ల మీద నుంచి డిస్కు కింద పడింది. టక్‌టక్‌మని చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. బాగుచేసేవాళ్ళ దగ్గరికి పంపించాను, ఖాళీగా తిరిగి వచ్చింది. డిస్కుది తప్పు కాదు. వైరు తగిలిన కాలిదీ కాదు. నాది.

నెల తరవాత పక్కింటి పిన్ని పిలిచింది. వాళ్ళ మగ్గం పక్క గోడకు ఒక ఫోటో అంటించి ఉంది. అంతకు రెండేళ్ళ ముందు పిన్నీ బాబాయీ కలిసి మగ్గం దగ్గర ఉండగా తీసి, బాబాయి మరీమరీ అడిగితే ప్రింటు వేయించి ఇచ్చాను. అందులో వెనకాల, కిటికీ పక్కన, రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ మా నాన్న. నా దగ్గర అప్పుడు కొత్తగా 50 ఎంఎం లెన్సు ఉంది. వెనక అంతా మసకబారితే గొప్ప ఫోటో అని నమ్మే రోజులు. ఎఫ్ 1.8 పెట్టి తీశాను. పిన్ని ముక్కుపుడక మెరుస్తోంది. నాన్న మొహం మాత్రం మసక. మగ్గం దగ్గర నాన్న ఉన్నట్టు నాకు మిగిలింది ఆ ఒక్క ఫోటో.

పిన్ని దాన్ని గోడ మీంచి ఊడదీసి నా చేతికివ్వబోయింది. నేను తీసుకోలేదు. దానికి ఫోటో తీసుకుని, దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, పని చేసే చోట ఎఫ్ 5.6కి తక్కువ పెట్టను. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచుతాను. వెనకాల ఉన్నవాళ్ళు కూడా మనుషులే, ఇరవై ఏళ్ళ తరవాత మనం వెతికేది వాళ్ళనే కావచ్చు. రెండు, ప్రతి ఫోటోకీ మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మాది మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది. మూడోది పానకాలస్వామి లెక్క. ఎంత పానకం పోసినా స్వామి సగమే తాగి సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని కదా మన నమ్మకం. ఫోటో కూడా అంతే. నేను తీసింది సగం నాది, సగం ఎదుటి మనిషిది. వాళ్ళ సగం ప్రింటుగా వాళ్ళ చేతిలో పెడతాను. నేను దాచుకున్నవి పోయాయి, ఇచ్చింది మిగిలింది.

చివరగా, "ఇప్పుడు కొనచ్చా?" అని అడుగుతున్న తమ్ముళ్ళకు. కంపెనీలు చాలావరకు మిర్రర్‌లెస్ వైపు వెళ్ళిపోయాయి, అందుకే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు దొరుకుతున్నాయి. నేర్చుకోవడానికి ఇదే మంచి సమయం. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో లెక్క చూపించమనండి. సెల్‌ఫోను టార్చి వేసి లెన్సు లోపల పోగులున్నాయేమో చూడండి. మామూలు 18–55 లెన్సు, ఒక 50 ఎంఎం ఉంటే మొదటి రెండేళ్ళకు సరిపోతుంది. మిగిలిన డబ్బు ప్రింట్లకు ఉంచండి.

ఈ సభ అయ్యాక గురువులతో గ్రూప్ ఫోటో తీస్తాను. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు డబ్బు కట్టినవాళ్ళకే గ్రూప్ ఫోటో ఇచ్చారు, నాకు రాలేదు. ఈసారి ఫోటోలో ఉన్న ప్రతివారికీ ప్రింటు అందుతుంది, ఆ బాధ్యత నాది. బదులుగా నాకో సాయం చేయండి. ఇంటికెళ్ళాక మీ పాత ఆల్బమ్‌లు ఒకసారి తిరగేయండి. పెళ్ళి ఫోటోల్లో, తిరునాళ్ళ ఫోటోల్లో ఎక్కడైనా వెనక వరసలో మా నాన్న కనిపిస్తే నాకు ఒక ఫోను చేయండి.