మనవడిని ఎత్తుకోబోయే ముందు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలకు వెళ్ళే పెద్దలు ఫ్లూ జ్వరం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రిలో 33 ఏళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. టీకాలకు ఇండెంట్లు రాసి, వాటిని ఐసుపెట్టెల్లో భద్రపరచి, ఊళ్ళకు పంపినవాణ్ణి. అటువంటి నేనే చేసిన ఒక పొరపాటు మీతో చెప్పుకోవాలని ఈ మైకు ముందుకు వచ్చాను.

2017 డిసెంబరులో నేనూ, మా ఆవిడా డాలస్‌లో ఉన్న మా రెండో అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. వీసా ఆలస్యమై పురుటికి అందుకోలేకపోయాం. మేము చేరేసరికి పిల్లవాడికి అయిదో వారం. పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడి, బాలింతకు కాయం, పసుపుకొమ్ములు అన్నీ సర్దాం. ఇన్సూరెన్సు కట్టాం. ఫ్లూ టీకా మాట మాత్రం ఇద్దరికీ తోచలేదు. వీసా వాళ్ళు అడగలేదు, టికెట్టు వాళ్ళు అడగలేదు. ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవారిని ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్టు అడుగుతారు గాని, దీన్ని ఎవరూ అడగరు. అడగనిది అవసరం లేదనుకోవడం మన ఉద్యోగపు అలవాటు!

దిగిన రెండో రోజు ఒళ్ళు నొప్పులు. ప్రయాణ బడలిక అన్నాను. మూడో రోజు సాయంత్రం చలి, జ్వరం, దగ్గు. అప్పటికి పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని రెండు రోజులు గడిపాను. జ్వరం కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఈ వైరస్ ఎదుటివారికి అంటుకుంటుంది. ఇది తెలియని వాణ్ణి కాను, ఆ క్షణాన తలపుకు రాలేదు. ఆరో రోజున పిల్లవాడు పాలు మానేశాడు, ఒళ్ళు కాలిపోయింది. రెండు నెలలు నిండని పసివాడికి జ్వరం వస్తే అక్కడ క్షణం తాత్సారం చేయరు. మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉంచారు. పరీక్షలో వాడికీ, నాకూ ఇన్‌ఫ్లుయెంజా ఏ అని తేలింది. నా వల్లే వచ్చిందని అమ్మాయి అనలేదు, అల్లుడు గారూ అనలేదు. వాళ్ళు అనకపోవడమే నాకు ఎక్కువ బరువైంది. భగవంతుడి దయ వల్ల వాడు కోలుకున్నాడు, ఇప్పుడు బడికి వెళుతున్నాడు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోమని మనవి. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వేయరు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే కొంత రక్షణ బిడ్డకు వస్తుంది. మిగతా రక్షణ ఆ బిడ్డను ఎత్తుకునే వాళ్ళు వేయించుకోవడమే. మనలో చాలామంది వెళ్ళేది పురుళ్ళకే కదా!

టీకా వేసిన తర్వాత అది పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి ప్రయాణం ముందు రోజు పరుగెత్తి లాభం లేదు. టికెట్టు చేతికి రాగానే మీ డాక్టరు గారిని అడగండి. నిరుడు వేయించుకున్నాం అంటే చాలదు. వైరస్ రూపు మారుస్తూ ఉంటుంది గనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏముండాలో సూచిస్తుంది. అమెరికా, ఇంగ్లండులలో ఫ్లూ ఎక్కువగా చలికాలంలో, అంటే అక్టోబరు నుంచి మార్చి దాటేవరకు ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఋతువులు తారుమారు. జూన్, జూలైలలో మెల్‌బోర్న్ వెళ్ళేవారు నడిచలికాలంలోకి వెళుతున్నారన్నమాట. టీకా వల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒక రోజు నలత ఉండవచ్చు. కోడిగుడ్లతో చేస్తారటగా అని మొన్న ఒక మిత్రుడు అడిగారు. చాలా రకాలు అలాగే తయారవుతాయి, దాచడం దేనికి? గుడ్డు లేకుండా చేసేవీ ఉన్నాయి. తేల్చుకోవలసింది మీరే. టీకా వేయించుకున్నా ఒక్కోసారి ఫ్లూ రావచ్చు, కాని ఆసుపత్రి దాకా వెళ్ళే ప్రమాదం తగ్గుతుంది.

ఇక విమానం. 1977లో అలాస్కాలో ఇంజను చెడి ఒక విమానం మూడు గంటలు నేల మీదే నిలిచిపోయింది. లోపల గాలి తిరిగే యంత్రం పనిచేయలేదు. ఉన్నది 54 మంది, అందులో ఒకరికి ఫ్లూ. మూడు రోజులు తిరగకుండా ప్రయాణికుల్లో నూటికి 72 మంది జబ్బుపడ్డారు. ఎగురుతున్నప్పుడు పెద్ద విమానాల్లో గాలి వడకట్టే ఏర్పాటు ఉంటుంది గనుక అంత భయం అక్కర్లేదు. పక్క సీటు దగ్గు, ఇమిగ్రేషన్ క్యూ, వీల్‌చెయిర్ల కోసం అందరినీ ఒకచోట కూర్చోబెట్టే గది, ఇవే మనకు గండాలు. అక్కడ మాస్కు తీయకండి. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

మందుల సంగతి నా శాఖ కాబట్టి గట్టిగా చెబుతాను. బీపీ, షుగరు మాత్రలు, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచండి. జలుబుకని అమ్మే మిశ్రమం మాత్రలు కొన్ని రక్తపోటును పెంచుతాయి, అడగకుండా మింగవద్దు. మీరు గుండెకు వేసుకునే ఆస్పిరిన్‌ను జ్వరం వచ్చిన మనవలకు ఇవ్వనే వద్దు. అరుదుగానైనా మెదడుకు, కాలేయానికి ముప్పు తెచ్చే జబ్బు వస్తుంది. మీకే జ్వరం వస్తే పిల్లలకు ఖర్చని దాచకండి. ఫ్లూ మందు ఒసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం వస్తే ఇక ఆలోచనే వద్దు.

తిరిగి వచ్చేటప్పుడూ ఇంతే. 2009 మే నెలలో మన దేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు బయటపడింది అమెరికా నుంచి హైదరాబాదు వచ్చిన ప్రయాణికుడిలోనే. జ్వరంతో ఉంటే టికెట్టు డబ్బు పోయినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోండి.

మన సభ్యుల్లో ముగ్గురు వచ్చే నెలలో బయలుదేరుతున్నారని విన్నాను. భోజనాల తర్వాత నేను వెనుక వరుసలో కూర్చుంటాను. మందుల చీటీలు తెచ్చుకున్నవారు చూపించండి.