బేబీ హల్దార్ రాసిన ఇల్లు

 

మన సభల్లో పండగలు, పాటలు, పోరాటాల గురించి చాలా మాట్లాడుకుంటాం. ఇళ్ళలో జరిగేది మాత్రం మాట్లాడుకోం. అందుకే మేము ఈరోజు బేబీ హల్దార్ ఆత్మకథ 'ఆలో ఆంధారి' గురించి చెప్పాలనుకున్నాం. వెలుగు, చీకటి అని ఆ పేరుకు అర్థం. ఆమె మన ఆదివాసీ బిడ్డ కాదు, బెంగాలీ.

తండ్రి సైన్యంలో పనిచేసి వచ్చిన డ్రైవరు. తాగుడు, దెబ్బలు. తట్టుకోలేక తల్లి ఇల్లు వదిలిపోయింది. పోతూ పోతూ బేబీ చేతిలో పది పైసల బిళ్ళ పెట్టింది. ఆ తర్వాత సవతి తల్లి, ఆగి ఆగి సాగిన చదువు. 12 ఏళ్ళకి, తనకన్నా 14 ఏళ్ళు పెద్దవాడితో పెళ్ళి. 13 ఏళ్ళకి చంకలో బిడ్డ. 1999లో ముగ్గురు పిల్లలను తీసుకుని ఢిల్లీ రైలెక్కింది. ఇళ్ళలో పనిమనిషిగా చేసింది. చివరకు గుర్‌గావ్‌లో ప్రబోధ్ కుమార్ అనే రిటైరైన ప్రొఫెసర్ ఇంట్లో కుదిరింది. ఈయన ప్రేమ్‌చంద్ మనవడు. పుస్తకాల మీద ఆమెకున్న ఆసక్తి గమనించి, నోటుబుక్కు, పెన్ను ఇచ్చి, నీ జీవితమే రాయి అన్నాడు. ఆమె బెంగాలీలో రాస్తే ఆయన హిందీలోకి మార్చాడు. 2002లో అచ్చయింది.

ఈ పుస్తకంలో మమ్మల్ని పట్టి ఆపిన సంగతి ఒకటుంది. 'నేను' అని రాసుకుంటూ వచ్చిన మనిషి, కొన్ని చోట్ల ఉన్నట్టుండి 'బేబీ' అని రాస్తుంది, ఎవరో వేరే పిల్ల గురించి చెబుతున్నట్టు. చదువుతుంటే మా హాస్టల్ పిల్లలే గుర్తొచ్చారు. రాత్రి లైట్లు తీసేశాక మా పక్కన చేరి, "మా ఊళ్ళో ఒకమ్మాయి ఉంది మేడం, వాళ్ళ నాన్న..." అని మొదలుపెడతారు. ఆ అమ్మాయి ఎవరో మాకు తెలుసు. అడగం. చెప్పనిస్తాం.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మనల్ని పెంచారు. మనకు ఇంకో భయం కూడా ఉంది. నాన్న తాగి కొడతాడని చెబితే బయటివాళ్ళు "వీళ్ళ జాతే అంత" అనేస్తారని. ఆ మాట మేమూ విన్నాం, కోపమూ వచ్చింది. కానీ దుర్గాపూర్‌లోని ఆ బెంగాలీ ఇంటికి ఏ జాతి పేరు పెడతారు? పండక్కి నలుగురం కూర్చుని జీలుగు కల్లు తాగడం వేరు, ఇంటికొచ్చి అమ్మ జుట్టు పట్టుకోవడం వేరు. రెండోది మన సంస్కృతి కాదు. దాన్ని దాచిపెట్టి మనం కాపాడేది కూడా ఏమీ లేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళి, మళ్ళీ హాస్టల్‌కు రాని ఆడపిల్లలు మీ ఊళ్ళలోనూ ఉంటారు. పెళ్ళి మాట వినిపిస్తే అన్నలుగా, అక్కలుగా మీరు టీచరుకో, అంగన్‌వాడీ అక్కకో చెప్పండి. 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇంట్లో దెబ్బలు తగులుతున్న పిల్లలకూ అదే నంబరు.

పుస్తకం అచ్చయ్యాక కూడా బేబీ చాలా ఏళ్ళు అదే ఇంట్లో వంట చేస్తూ, ఇల్లు తుడుస్తూనే ఉంది. పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని మళ్ళీ రాసుకుంది.